ఎర్రరంగు పదకొండు

మా రియెకా ఊళ్ళో పొద్దున పది కొట్టిందంటే మరెండా. కోర్టులో జడ్జి దగ్గర్నుంచి ఓడరేవులో క్రేను నడిపేవాడి దాకా ఎవడి పని వాడు ఎక్కడిదక్కడ పడేసి, రొట్టె, వేయించిన చేపలు దొరికే చోటికి పోవాల్సిందే. ఆ అరగంటలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే కాస్త ఓపిక పట్టాలి. కెమెరాలు బాగుచేసే స్రెచ్కో కూడా ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ పద్ధతి తప్పలేదు. అంగడి మేడమీద, కిటికీ పక్కన అతని బల్ల. పదికి ఐదు నిమిషాలుందనగా చేతిలో ఉన్న కెమెరాకి కంప్యూటరు తీగ తగిలిస్తాడు. లోపలి లెక్కలన్నీ చెరిపి కొత్తగా సరిచేసే ప్రోగ్రాము ఒకటుంది, అది నొక్కుతాడు. కోటు తొడుక్కుని మెట్లు దిగిపోతాడు. తిరిగొచ్చేసరికి ఆ పని దానంతట అదే అయిపోయి ఉంటుంది. దీనికి మించిన తెలివైన ఏర్పాటు ఎవడూ కనిపెట్టలేదని అతని నమ్మకం.

ఆ సోమవారం యూగో వీస్తోంది. సముద్రం మీంచి వచ్చే ఆ దక్షిణం గాలి పట్టుకుందంటే మూడు రోజులు వదలదు. గోడలు చెమ్మగిల్లుతాయి, మోకాళ్ళు సలుపుతాయి, మొగుడూ పెళ్ళాలు ఉత్తిపుణ్యానికి కొట్టుకుంటారు. స్రెచ్కో అద్దాలు తుడుచుకుంటూ, తుడిచినవే మళ్ళీ తుడుచుకుంటూ కూర్చున్నాడు. అరవై ఒకటి నిండాయి, పెన్షనుకి ఇంకా రెండేళ్ళుంది. ఇలాంటి రోజుల్లో ఆ రెండేళ్ళు ఇరవైలా కనబడతాయి.

యజమాని లివియో నల్ల సంచీ ఒకటి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. నలభై ఏళ్ళవాడు. చిన్నప్పుడు ఈ బల్ల కిందే దూరి ఆడుకున్నాడు. అప్పట్లో అంగడి వాళ్ళ నాన్నది.

"బార్బా, పత్రికవాళ్ళ కెమెరా మళ్ళీ వచ్చింది," అన్నాడు. మా వైపు పెద్దవాళ్ళని అలాగే పిలుస్తాం, చుట్టరికం ఉన్నా లేకపోయినా.

"ఎవరిది? నెవెంకాదేనా?"

"ఆవిడదే. ఆటల బొమ్మలన్నీ మసగ్గా వస్తున్నాయట. జూన్‌లో ఒకసారి పంపారుగా, నువ్వే చూసి లోపం లేదన్నావు. ఈసారి ఉత్తరం కూడా పెట్టారు. గురువారం లోపల రాసివ్వాలట, కెమెరాలో లోపం ఉందో లేదో."

"లోపం లేదంటే?"

లివియో కిటికీలోంచి బయటికి చూశాడు. "లేదంటే ఒకటో తారీకు నుంచి ఆవిణ్ణి కింద పాత ఫొటోల గదిలో కూర్చోబెడతారు. కళ్ళు పోయాయంటున్నాడు ఆ సంపాదకుడు. మొహం మీదే అన్నాడట."

"పాపం."

"పాపమేలే గానీ నువ్వు ఉన్నది రాయి. మనకెందుకు."

నెవెంకా ఉల్యానిచ్ అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళుగా ఈతకొలను గట్టుమీద మోకాళ్ళేసుకుని నీటిబంతి ఆట ఫొటోలు తీస్తున్న మనిషి. మా ఊళ్ళో సగం ఇళ్ళల్లో గోడలకి వేలాడేవి ఆవిడ తీసిన బొమ్మలే.

స్రెచ్కో పని మొదలుపెట్టాడు. లెన్సు తగిలే రాగి చుక్కలని స్పిరిటు దూదితో ఒక్కొక్కటీ తుడిచాడు. లెన్సు కూర్చునే కంకణం మీద ఉక్కుబద్ద పెట్టి, ఎక్కడన్నా వెలుగు దూరుతుందేమోనని నాలుగువైపులా తిప్పి చూశాడు. దూరలేదు. పెద్ద అద్దం ఎత్తి దాని వెనక ఉండే చిన్న అద్దాన్ని సన్నపుల్లతో తాకి చూశాడు. ఫోకస్ కుదిరేదీ చెడేదీ ఆ చిన్న అద్దం కూర్చోవడంలోనే ఉంది. అది టిక్కుమని తన చోట్లో కూర్చుంది. అంగడి లెన్సు తగిలించి, ఏటవాలుగా పెట్టిన గీతల అట్టని పన్నెండుసార్లు ఫొటో తీశాడు. పన్నెండుసార్లూ సున్నా గీతే స్పష్టంగా వచ్చింది, అటూ ఇటూ ఉన్న గీతలు సమానంగా మసకబారాయి.

ఇంకేం చెయ్యాలి? కాయితం తీశాడు. అచ్చువేసిన కాయితంలో మూడు గళ్ళుంటాయి: లోపం లేదు, లోపం ఉంది, వాడినవారి పొరపాటు. మొదటి గడిలో టిక్కు పెట్టి, గుండ్రటి ముద్రని సిరాదిమ్మెకి అద్ది గట్టిగా కొట్టాడు. అయ్యో అనిపించకపోలేదు. కానీ ముద్ర కొట్టే చేతికి అయ్యో తెలియదు కదా.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడే వచ్చింది. పొట్టి మనిషి, పొట్టి జుట్టు, యాభై నాలుగేళ్ళు. భుజాన వేలాడుతున్న సంచీలో పాలక్యానంత లెన్సు. ముక్కుమీద కొత్త కళ్ళద్దాలు. వాటిని తీస్తుంది, పెడుతుంది, మళ్ళీ తీస్తుంది.

"ఏం బార్బా స్రెచ్కో, మళ్ళీ కొట్టేశారట ముద్ర?"

"ఎవరు చెప్పారు?"

"మీ లివియో ముఖమే చెప్పింది. కింద నన్ను చూసి ఫోను చెవిలో పెట్టుకున్నాడు, ఆ ఫోను మోగనైనా మోగలేదు."

స్రెచ్కో స్టూలు ఆవిడకిచ్చి తను కిటికీ అరుగుకి ఆనుకున్నాడు. "ఉన్నది ఉన్నట్టు కొట్టాను షోరా నెవెంకా. లేని రోగం రాయమంటారా?" ఆడవాళ్ళని గౌరవంగా షోరా అనడం మా వైపు అలవాటు.

"నా లెన్సుతో చూశారా?"

"వాళ్ళు కెమెరా ఒక్కటే పంపారు. పంపింది చూడటం మా రూలు."

"బావుంది. జూన్‌లోనూ ఇదే మాట. పెళ్ళికొడుకు బుద్ధిమంతుడు, పెళ్ళికూతురు బంగారం అని చెరో సర్టిఫికెట్టు ఇచ్చేస్తారు. కాపురం ఎందుకు చెడిందయ్యా అంటే మా రూలు కాదంటారు."

స్రెచ్కోకి నవ్వొచ్చింది. ఆవిడా నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఒకమాట చెప్పండి, దాచకుండా చెప్పండి," అంది. "నిజంగానే పోయాయేమో నా కళ్ళు. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పెద్దగా ఏం లేదమ్మా, వయసు అన్నాడు. నేనే పట్టుబట్టి ఇవి రాయించుకున్నాను. పెట్టుకుంటే ఏమీ తేడా లేదు, పెట్టుకోకపోతే భయం. కారు తోలడం మానేశాను. పొద్దున బస్సు నంబరు రెండా ఏడా అని పక్కామెని అడిగాను. అది రెండని నాకు కనబడుతూనే ఉంది బార్బా! కనబడుతూనే అడిగాను."

అతను నీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపాడు.

"మేలో మన డోరియన్ చివరి ఆట అయిందా," ఆవిడ లెన్సు సంచీ జిప్పు లాగుతూ, మూస్తూ చెప్పింది. "పదహారేళ్ళు గోలు కాసినవాడు. ఆఖరి నిమిషంలో ఎడంచేత్తో ఆపాడు చూడండీ, నడుందాకా నీళ్ళల్లోంచి లేచి! నేను సరిగ్గా ఎదురుగా ఉన్నాను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి రాలేదు. అంతా మసక. వాళ్ళమ్మ ఫొటో కోసం ఆఫీసుకొచ్చింది. నా కళ్ళు మసకబారుతున్నాయమ్మా, నన్ను క్షమించు అన్నాను. ఆవిడ నన్నే ఓదార్చింది."

లేచి నిలబడింది. "నాలుగింటికి కాంత్రిదా కొలనులో ప్రాక్టీసుంది. రండి. కెమెరా మీ దగ్గరే ఉంది, లెన్సు నా దగ్గరుంది. ఒక్క గంట. తర్వాత మీ ముద్ర మీరు కొట్టుకోండి."

"ఈ యూగోలోనా? నా మోకాళ్ళు..."

"నా మోకాళ్ళు ముప్పై ఏళ్ళుగా తడి గచ్చుమీద ఉన్నాయి. మీవి ఒక్క గంట ఉంటే అరిగిపోవు."

వెళ్ళాడు. వెళ్ళకపోతే ఆ రాత్రి నిద్రపట్టదని అతనికి తెలుసు. అంతకుమించి గొప్ప కారణమేం లేదు.

కొలనులో గాలికి నీళ్ళు చిన్న చిన్న మడతలు పడుతున్నాయి. టోపీలు పెట్టుకున్న తలలు అటూ ఇటూ తేలుతున్నాయి, కోచ్ ఈలేసి తిడుతున్నాడు. నెవెంకా తువ్వాలు నాలుగు మడతలు వేసి గట్టుమీద పరిచి దాని మీద మోకరిల్లింది. మోచేతులు రెండూ డొక్కలకి అదిమిపెట్టింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసేసి కెమెరాకి కన్ను ఆనించింది. కుడి బొటనవేలు కెమెరా వెనక మీట మీద, చూపుడు వేలు పైన. ఊపిరి బిగబట్టింది. బంతి వచ్చేచోటికి బంతి కంటే ముందే లెన్సు తిరుగుతోంది. ఆటగాడు చెయ్యెత్తక ముందే ఆవిడ భుజం కదులుతోంది. స్రెచ్కో బంతిని చూడటం మానేసి ఆవిణ్ణే చూశాడు. ముప్పై ఏళ్ళ పని ఒంట్లో ఎలా ఉంటుందో అలా ఉంది.

పావుగంట తర్వాత గట్టుమీదే పక్కన కూలబడి, అరచెయ్యి గొడుగులా పట్టుకుని వెనక తెర మీద ఫొటోలు పెద్దవి చేసి చూశాడు. గోలు కాసేవాడి ముఖం మెత్తగా, నానిన రొట్టెలా ఉంది. ముఖానికి ముందున్న నీటిచుక్కలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. తర్వాతది చూశాడు. అదే. ఆ తర్వాతది. అదే. ఇరవై చూశాడు.

"చూశారా," అంది నెవెంకా గొంతు తగ్గించి. "మీరే చూశారుగా. నేను ముఖం మీదే పెట్టాను ఫోకస్ చుక్క, ఒట్టు."

"ఉండండి షోరా."

"పోనీలెండి, పాత ఫొటోల గదిలో చలి తక్కువ."

"ఉండండి అన్నానా!" గట్టిగానే అరిచాడు. కోచ్ కూడా తిరిగి చూశాడు. "ప్రతి బొమ్మలోనూ ఫోకస్ జానెడు ముందు పడింది. జానెడే. ఒకటి ముందు, ఒకటి వెనక కాదు. బెత్తెడూ కాదు, మూరెడూ కాదు. కళ్ళు పోయినవాళ్ళ తప్పు ఇంత పద్ధతిగా ఉండదు. మనిషి చేసే తప్పు ఎటుపడితే అటు పోతుంది. ఇది యంత్రం చేసే తప్పు."

ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీంచి జారి ముక్కుమీద పడ్డాయి. సర్దుకోలేదు.

స్రెచ్కో కెమెరాని గట్టుమీది కుర్చీకి ఆనించి, పది మీటర్ల దూరంలో ఉన్న గోలుస్తంభం మీదికి తిప్పాడు. ఈసారి కన్ను ఆనించే పైకిటికీలోంచి చూడకుండా, వెనక తెర వెలిగించి దాని మీదే ఫోకస్ పట్టించాడు. అలా చేస్తే ఆ చిన్న అద్దంతో పనుండదు, బొమ్మ పడేచోటే నేరుగా కొలుచుకుంటుంది. తీశాడు. స్తంభం మీద పెచ్చులూడిన తెల్లరంగు, తుప్పు గీత, అన్నీ స్పష్టంగా వచ్చాయి. లెన్సులో లోపం లేదు. కెమెరాలో లోపం లేదని నిన్ననే చూశాడు. రెండూ కలిస్తే జానెడు తేడా.

"మీ పెళ్ళికూతుర్ని కూడా రేపటిదాకా నా దగ్గర ఉంచండి," అన్నాడు లెన్సు తీసుకుంటూ.

బుధవారం పొద్దున ఎనిమిదింటికే బల్ల దగ్గర కూర్చున్నాడు. లెన్సు ముందుండే నల్లటి తొడుగు తిప్పి ఊడదీశాడు. లోపల బూజు పట్టిందేమోనని దీపానికెత్తి చూస్తే, అంచు దగ్గర ఎర్రరంగుతో ఏదో రాసుంది. గోళ్ళరంగు. పదకొండు అంకె. రెండు ఒకట్లకీ ముక్కులు పొడుగ్గా కిందికి దిగాయి. ఆ చేతిరాత ఎవరిదో అతనికి వెంటనే తెలిసింది. లివియో నాన్న, ముసలి ఊచో. పోయి నాలుగేళ్ళయింది.

నెవెంకాకి ఫోను చేశాడు. "ఏమిటి షోరా ఈ పదకొండు?"

"అదా! ఊచో రాసిందే. ఈ కెమెరా కొత్తగా ఇచ్చినప్పుడు నా లెన్సుతో కాస్త తేడా చేసింది. అప్పుడాయన ఒక మధ్యాహ్నమంతా నాతో కొలను గట్టున కూర్చుని, ఈ రెంటికీ సరిపడే అంకె పదకొండు అని తేల్చి కెమెరాలో పెట్టారు. నా సంచీలో గోళ్ళరంగు తీసుకుని తొడుగులో రాశారు. ఆ అంకె ఉన్న పేజీ నువ్వెప్పుడూ తెరవకు, చెయ్యి పెట్టకు అన్నారు. నేను పెట్టలేదు. ఏం, ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే. సాయంత్రం చెప్తాను."

కెమెరాలో ఆ పేజీ తెరిచాడు. లెన్సు పేరుకెదురుగా సున్నా ఉంది. పదకొండు పెట్టి గీతల అట్టని తీశాడు. సరిగ్గా వచ్చింది. మళ్ళీ సున్నా పెట్టాడు. ఫోకస్ ముందుకి జరిగింది. పదకొండు, సున్నా, పదకొండు, సున్నా.

ఆవిడ చెయ్యి పెట్టలేదు. మరి చెరిపిందెవరు?

పనుల పుస్తకం తీశాడు. మార్చి పధ్నాలుగు: పత్రిక కెమెరా, దుమ్ము తుడవడం, లెక్కలు సరిచేయడం. కింద అతని సంతకమే. పక్కన గంట: తొమ్మిది యాభై ఆరు.

మూలన పడి ఉన్న పాడైపోయిన కెమెరా ఒకటి తెచ్చి తీగ తగిలించాడు. ప్రోగ్రాము నొక్కాడు. ఈసారి కోటు తొడుక్కోలేదు. అలాగే కూర్చున్నాడు. ఒక నిమిషం పోయాక తెర మీద చిన్న ప్రశ్న వచ్చింది: 'వాడుకదారు పెట్టుకున్న అంకెలు ఉంచాలా? ముప్పై సెకన్లలో జవాబు రానిచో, అక్కర్లేదని భావించబడును.' పక్కన అంకెలు తగ్గుతున్నాయి. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది.

ఈ కొత్త ప్రోగ్రాము వచ్చి రెండేళ్ళయింది. రెండేళ్ళుగా రోజూ అది ఇదే ప్రశ్న అడుగుతూనే ఉంది. అది అడిగే వేళకి అతను సందు చివర చేపలకొట్లో కూర్చుని, రొట్టె తుంచి నూనెలో ముంచుతున్నాడు.

సున్నా అయింది. తెర ముందుకి వెళ్ళిపోయింది.

"బార్బా! పది కొట్టింది, దిగు!" కింద్నుంచి లివియో కేకేశాడు. జవాబు లేకపోయేసరికి పైకొచ్చాడు. "ఏమైంది? ఒంట్లో బాలేదా?"

స్రెచ్కో చెప్పాడు. పొడిగా, దాచకుండా, మార్చి పధ్నాలుగు దగ్గర్నుంచి చెప్పాడు. లివియో నిలబడే విన్నాడు, విని మెట్ల తలుపు మూసొచ్చాడు.

"సరే. ఇప్పుడు పదకొండు పెట్టేశావుగా?"

"పెట్టాను."

"బాగుందిగా?"

"బాగుంది."

"అయిపోయింది మరి. కెమెరా బాగుంది, లోపం లేదు అని రాసి ఇచ్చెయ్. అందులో అబద్ధమేముంది చెప్పు."

"మరి ఆవిడ కళ్ళు?"

"ఆ గొడవ వాళ్ళాఫీసుది!" లివియో గొంతు లేచింది. "ఈ రోజుల్లో కెమెరా ఎవడు తెస్తున్నాడు బార్బా? ఆ పత్రికవాళ్ళది పోతే ఈ బల్ల మూసుకోవాల్సిందే. నీకు పెన్షను ఇంకా రెండేళ్ళుంది. నాకు ఇంట్లో ఇద్దరు పిల్లలు. రొట్టె తినడానికి వెళ్ళి మీ ఫొటోగ్రాఫరు కొంప ముంచామండీ అని మనంతట మనమే రాసిస్తామా? వినేవాళ్ళు నవ్విపోరూ?"

"ఏడు నెలలు, లివియో. ఆవిడ బస్సు నంబరు పక్కవాళ్ళని అడుగుతోంది."

"యూగో పట్టింది నీకు. రేపు గాలి తిరిగాక మాట్లాడదాం."

స్రెచ్కో లెన్సు తొడుగు చేతికిచ్చాడు. లివియో విసుగ్గా తీసుకుని, దీపం కిందికి వంచి, లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. బొటనవేలితో ఆ ఎర్రరంగుని మెల్లగా రుద్దాడు, ఊడుతుందేమోనని కాబోలు వెంటనే ఆపేశాడు.

"ఒకటికి ఎప్పుడూ ముక్కు పొడుగ్గా పెట్టేవాడు," అన్నాడు. "నా నోటుపుస్తకంలో ఏడనుకుని మార్కులు కొట్టేసేవాళ్ళు."

తొడుగు బల్లమీద పెట్టి దిగిపోయాడు. అవుననలేదు, కాదనలేదు. ఆ రోజు ఇద్దరిలో ఎవరూ మరెండాకి పోలేదు. సాయంత్రం చెప్తానన్న ఫోను కూడా స్రెచ్కో చెయ్యలేకపోయాడు. రెండుసార్లు నంబరు దాకా వెళ్ళి ఆగాడు.

గురువారానికి గాలి తిరగలేదు. ఇంకాస్త ముదిరింది. స్రెచ్కో పాత కాయితం చింపి కొత్తది తీసుకున్నాడు. కలం పట్టుకుని మూడు గళ్ళనీ చూస్తూ కూర్చున్నాడు. లోపం లేదు. లోపం ఉంది. వాడినవారి పొరపాటు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్ని వందల కాయితాలు నింపాడో. ఎంతమంది మొహాన ఆ మూడో గడి కొట్టాడో. బాగుచేసేవాడు తప్పు చేస్తే ఎక్కడ రాయాలో ఈ కాయితం అచ్చు వేయించినవాడికి తోచనేలేదు. నిజం చెప్పొద్దూ, తనకీ ఇన్నాళ్ళూ తోచలేదు.

ఉక్కుబద్ద తీసుకుని మూడో గడి కింద నాలుగు గీతలు గీశాడు. చతురస్రం కాస్త వంకరగా వచ్చింది. పక్కన 'బాగుచేసినవారి పొరపాటు' అని రాసి అందులో టిక్కు పెట్టాడు. దాని కింద వివరం రాశాడు: మార్చి 14న, ఈ అంగడిలో, నేను ప్రోగ్రాము పెట్టి మరెండాకి వెళ్ళిన సమయంలో, అది అడిగిన ప్రశ్నకి జవాబివ్వనందున, లెన్సుకి పెట్టిన అంకె చెరిగిపోయింది. జూన్‌లో మరల తనిఖీ చేసి కూడా గమనించలేదు. అందువల్ల ఏడు నెలలు ఫొటోలు మసకగా వచ్చినవి. ఫొటోగ్రాఫరు తప్పు ఏమీ లేదు. ముద్ర కొట్టాడు. యజమాని సంతకం చెయ్యాల్సిన చోటు ఖాళీగా ఉంది.

కిందికి తీసుకెళ్ళి లివియో బల్లమీద పెట్టాడు. లివియో చదివాడు. ఆ వంకర గడి మీద వేలు పెట్టి, "ఇదేంటి, చేత్తో గీశావా?" అన్నాడు.

"అచ్చులో లేదు."

లివియో పళ్ళు బిగించి కలం తీశాడు. సంతకం చేస్తూ కాయితం చినిగేంత నొక్కాడు. "ఒక వారం నాతో మరెండాకి రాకు బార్బా. నీ ముఖం చూస్తే నాకు ముద్ద దిగదు," అన్నాడు.

నెవెంకా తొమ్మిదిన్నరకి వచ్చింది. స్రెచ్కో కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు. కాయితం చేతికివ్వబోతే, "మీరే చదవండి, నా కళ్ళ సంగతి తెలుసుగా," అంది. చదివాడు.

"ఇంకోసారి," అంది.

ఇంకోసారి చదివాడు.

ఆవిడ అప్పుడు కూర్చుంది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. తిడుతుందనుకున్నాడు, తిట్టనూలేదు. తిడితే బావుండుననిపించింది అతనికి.

"ఉద్యోగం మాటేమంటారు షోరా? ఇది చూపిస్తే..."

"చూపిస్తే కొలను దగ్గరికే పంపుతారు. పంపక చస్తారా." ఆ మాటలో సంతోషమేమీ లేదు. "ఆ గట్టుమీద ఏడు నెలలు నా కళ్ళని నేనే తిట్టుకున్నాను బార్బా. సంపాదకుడు అన్నందుకు కాదు. వాడి మాటకేముంది. నాకే నమ్మకం పోయింది. అద్దంలో చూసుకుని, మీకేం తక్కువ చేశానే అని అడిగాను వీటిని."

"డోరియన్ వాళ్ళమ్మ దగ్గరికి నేను వస్తాను. నేను చెప్తాను."

"ఏమని చెప్తారు? మీ అబ్బాయి ఆఖరి ఆట నాడు నాకు ఆకలేసిందనా?"

స్రెచ్కో తల దించుకున్నాడు. ఆకలేసింది మార్చిలో, ఆట జరిగింది మేలో అనబోయి మింగేశాడు. ఎప్పుడైతేనేం. ఆ ఎడంచెయ్యి నీళ్ళల్లోంచి మళ్ళీ లేవదు.

నెవెంకా లేచి, బల్లమీదున్న కెమెరాకి లెన్సు తగిలించింది. తొడుగు తిప్పి బిగించింది. ఆ పెద్ద లెన్సుకి దగ్గరివి ఆనవు కాబట్టి వెనక్కి వెనక్కి నడిచి మెట్ల తలుపు దాకా వెళ్ళింది. అక్కడ గోడకి ఆనుకుని మోచేతులు డొక్కలకి అదుముకుంది.

"తల ఎత్తండి."

"ఇప్పుడెందుకు షోరా..."

"ఎత్తండి బార్బా. కాయితం పట్టుకునే ఉండండి."

ఎత్తాడు. టక్కుమని ఒక్కసారే నొక్కింది. దగ్గరికొచ్చి తెర చూపించింది. ఒక్క కన్నే కనబడేంత పెద్దది చేసింది. రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. కంటికొసన తడి, ఎర్రటి సన్నగీతలు, నల్లగుడ్డులో కిటికీ ఆకారం. ఇంత స్పష్టంగా తన ముఖం తనెప్పుడూ చూసుకోలేదు. దాక్కోవడానికి అందులో మసకన్నది లేదు.

"ఎలా ఉంది?"

"సరిగ్గా ఉంది," అన్నాడు.

"ఇది పత్రికకివ్వను. ఇది నాకే." కెమెరా సంచీలో పెట్టుకుంది, కాయితం నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దోపుకుంది. మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది.

అప్పుడు చూశాడు, కళ్ళద్దాలు స్టూలు మీదే ఉన్నాయి. మెట్ల దగ్గరికి పరిగెత్తి, "షోరా నెవెంకా! మీ అద్దాలు మర్చిపోయారు!" అని కేకేశాడు.

ఆవిడ కింద గుమ్మంలో ఆగింది. వెనక్కి తిరగలేదు.

"మర్చిపోలేదు. అవి మీకే. ఈసారి ఆ ప్రోగ్రాము ఏదైనా అడిగితే చదువుకోండి."

గుమ్మం దాటి, బస్సుల వైపు కాకుండా, నెలల తరబడి కదలని కారు నిలిపి ఉన్న సందు వైపు నడిచింది. గంటస్తంభం పది కొట్టింది. కింద లివియో కుర్చీ జరిపి, ఎవర్నీ పిలవకుండానే బయటికి వెళ్ళిపోయాడు. బల్లమీద ఎవరిదో కెమెరా తీగకి తగిలించి ఉంది. స్రెచ్కో స్టూలు మీంచి కళ్ళద్దాలు జాగ్రత్తగా తీసి కిటికీ అరుగుమీద పెట్టాడు. ప్రోగ్రాము నొక్కి, తెర ముందుకి జరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.